ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవాళ్లు కౌన్సెలింగ్ మొదలుపెట్టడం ఎలా?

షుగరు, కీళ్లవాతం, కిడ్నీ, పేగుల జబ్బు, ఆగని నడుంనొప్పి... ఏదో ఒకటి ఏళ్లుగా వెంట ఉన్నవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఇదే: "డాక్టరుగారు కౌన్సెలింగ్‌కి వెళ్లమన్నారు. అంటే నా నొప్పి ఉత్తదనా? వెళితే ఏం ఒరుగుతుంది? అసలు ఎక్కడికి వెళ్లాలి?"

మొదటిదానికి జవాబు: కాదు. నొప్పి నిజమే. రెండోదానికి: వాచిన కీలు మాటలతో తగ్గదు, పాడైన కిడ్నీ బాగుపడదు. కానీ జబ్బు చుట్టూ పేరుకుపోయినవి కొన్ని ఉంటాయి. రాత్రి రెండింటికి లేచి "రేపు ఇంకా ఎక్కువైతే" అని లెక్కలేసుకోవడం, విసుగొచ్చి మందులు ఎగ్గొట్టడం, పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేయడం, ఇంట్లోవాళ్ల మీద అరిచి ఆనక ఏడవడం. వీటి మీద మాటల వైద్యం పనిచేస్తుంది. మూడో ప్రశ్నకే ఈ గైడంతా. నాదీ కీళ్లవాతమే, రుమటాయిడ్ ఆర్థరైటిస్. అందుకని ఉదాహరణలు కొంచెం అటువైపు మొగ్గితే సర్దుకోండి.

అన్నిటికంటే ముందు ఇది చూడండి

"ఇంక బతికేం లాభం" అన్న ఆలోచన తిరుగుతుంటే, అందులోనూ ఎలా చేయాలో కూడా మనసులో మెదులుతుంటే, కింది మెట్లు పక్కన పెట్టండి. ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416 కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వానిది, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పరిస్థితి చేయిదాటేలా ఉంటే 108, లేదా దగ్గర్లోని ఆసుపత్రి క్యాజువాలిటీ. మనలాంటివాళ్ల ఇళ్లలో మందులూ ఇన్సులినూ ఎప్పుడూ నిల్వ ఉంటాయి కాబట్టి ఇంకో జాగ్రత్త కావాలి: ఆ డబ్బా వేరొకరి చేతికిచ్చి, ఏ పూటకాపూట వాళ్లే అందించేలా చూసుకోండి. "డయాలసిస్‌కి ఇంక వెళ్లను", "ఇన్సులిన్ మానేస్తాను" అన్న ఆలోచన కూడా దాచుకోవాల్సింది కాదు, మీ డాక్టరుకి ఆ రోజే చెప్పాల్సిన మాట.

ఏమేం కావాలి

- వాడుతున్న మందులన్నిటి ఫొటో. స్ట్రిప్పు మీద పేరూ మోతాదూ కనబడేలా తీయండి. ఆయుర్వేదం, హోమియో, బలం గోళీలు కూడా కలపండి.
- ఈమధ్య చేయించుకున్న రక్త పరీక్షల రిపోర్టులు.
- మీ జబ్బు గురించి ఒక్క పేజీ. ఎలా రాయాలో 6వ మెట్టులో ఉంది.
- ఒక నోటుబుక్కు. వేళ్లు సహకరించకపోతే ఫోన్లో వాయిస్ రికార్డింగ్.
- వారానికో గంట, తలుపు వేసుకోగలిగిన చోటు. ఇంట్లో కుదరకపోతే ఆగి ఉన్న కారులోనో, డాబా మీదో కూర్చుని వీడియో కాల్‌లో మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు.
- కనీసం ఆరు సెషన్లకు సరిపడా డబ్బు, లేదా ప్రభుత్వాసుపత్రికి వెళ్లొచ్చే ఓపిక. ఒక్కసారి వెళ్లి చూద్దాంలే అనుకుంటే ఆ ఖర్చు వృథా.

1. ముందు ఒంట్లో కారణాలు ఏమైనా ఉన్నాయేమో చూపించుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా కౌన్సెలింగ్‌కి వెళ్లేవాళ్లే ఎక్కువ. నీరసం, దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం మనసువే కానక్కర్లేదు. థైరాయిడ్ తగ్గినా ఇవే. రక్తం తగ్గినా ఇవే, కిడ్నీ జబ్బులో అది మామూలు. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. షుగర్ ఎక్కువతక్కువలవుతుంటే చిరాకు దానంతటదే వస్తుంది. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు నిద్ర చెడగొడతాయి, కొందరికి ఏడుపు, కొందరికి లేని హుషారు తెచ్చిపెడతాయి.

డాక్టరుగారిని ఇలా అడగండి: "నెల రోజుల నుంచి మనసు బాగుండటం లేదండీ. కౌన్సెలింగ్ మొదలుపెడదామనుకుంటున్నాను. ఈలోగా హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12 చూడాలా? నా మందుల్లో మనసు మీద పనిచేసేవి ఏమైనా ఉన్నాయా?" రెండు నిమిషాల పని. ఓపీలో ఆ రెండు నిమిషాలు కూడా దొరక్కపోతే అదే చీటీ మీద రాసి చేతికివ్వండి. చదువుతారు.

హెచ్చరిక: స్టెరాయిడ్ వల్లే ఇదంతా అనిపించినా సొంతంగా ఆపొద్దు. కొంతకాలం వాడాక ఒక్కసారిగా మానేయడం ప్రాణం మీదికి తెస్తుంది. మోతాదు తగ్గించడం డాక్టరు చేతిలోనే ఉండాలి.

ఇంకోటి. అరికాళ్ల మంటలకి అమిట్రిప్టిలిన్ గానీ డులాక్సెటిన్ గానీ రాస్తే, ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో వెతికి "నాకు డిప్రెషన్ మందు ఇచ్చారు" అని చెత్తబుట్టలో పడేసినవాళ్లు నాకు తెలుసు. ఆ రెండూ నరాల నొప్పికి కూడా వాడే మందులే. అనుమానముంటే అడగండి, పారేయకండి.

2. ఏం మారాలో ఒక్క వాక్యంలో రాయండి

"మనశ్శాంతి కావాలి" అని రాస్తే ఆరు సెషన్ల తర్వాత వచ్చిందో లేదో తేల్చలేరు. "నొప్పి పోవాలి" అన్నది రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) పని. ఇలా రాయండి:

- రాత్రిపూట కాళ్లు తిమ్మిరెక్కినప్పుడల్లా కాలు తీసేస్తారేమోనన్న భయం తగ్గాలి.
- వారంలో మూడు రోజులు ఇన్సులిన్ ఎగ్గొడుతున్నాను, అది ఆగాలి.
- డయాలసిస్ లేని రోజుల్లో ఒక్కసారైనా గడప దాటాలి.
- మా ఆయనతో జబ్బు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోవట్లేదు, అది మారాలి.

ఒక్కటే ఎంచుకోండి. మిగతావి వాటంతటవే మాటల్లోకి వస్తాయి.

3. ఎవరి దగ్గరికి?

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు, మాటలతో వైద్యం చేయడంలో శిక్షణ ఉంటుంది, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. ఆ నమోదు నంబరు అడగడంలో తప్పేమీ లేదు, కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. ఇక "కౌన్సెలర్" అన్న బోర్డు దాదాపు ఎవరైనా పెట్టేసుకోగలరు. సైకాలజీలో పీజీ చేసి, పెద్దవాళ్ల పర్యవేక్షణలో పనిచేసిన మంచి కౌన్సెలర్లు ఉన్నారు. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్నవాళ్లూ ఉన్నారు. చదువేమిటో అడిగాకే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

డబ్బు ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రులు దీనికే ప్రత్యేకం. "ఎర్రగడ్డ" అనగానే ముఖం మాడ్చుకునే అలవాటు మనకుంది. మీరు వెళ్లేది ఓపీకి, మాట్లాడి ఇంటికొచ్చేస్తారు. అదీ ఇష్టం లేకపోతే, మీ జబ్బుకి వెళ్లే ఆసుపత్రిలోనే సైకాలజిస్టు ఉన్నారేమో కనుక్కోండి. క్యాన్సరు, డయాలసిస్ విభాగాలున్న పెద్దాసుపత్రుల్లో తరచూ ఉంటారు, ఫైలు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి సగం కథ చెప్పే పని తప్పుతుంది. ఎక్కడికీ కదల్లేనివాళ్లు 14416 తోనే మొదలుపెట్టండి, అవసరాన్ని బట్టి ఎవరి దగ్గరికి వెళ్లాలో వాళ్లే చెబుతారు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు రెండు మాటలు. ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కి డాక్టరు చీటీ లేకుండా మీరే పేరు ఇచ్చుకోవచ్చు, దుబాసీ కావాలని అడగొచ్చు. దీర్ఘరోగం ఉందని ఫారంలో తప్పకుండా రాయండి, అలాంటివాళ్లకోసం వేరే ఏర్పాట్లున్నాయి. అమెరికాలో లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, మీరు కూర్చున్న రాష్ట్రంలో ఆ థెరపిస్టుకి అనుమతి ఉండాలి. హైదరాబాదు నుంచి తెలుగులో వీడియో సెషన్ తీసుకునేవాళ్లు, రాత్రికి రాత్రి ఏదైనా అయితే మీరున్న చోట ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసి పెట్టుకోండి.

ఎవరికి దూరంగా ఉండాలో కూడా చెప్పాలి. "నా దగ్గర పది సెషన్లు చేస్తే మెథోట్రెక్సేట్ (కీళ్లవాతం మందు) అవసరం ఉండదు", "మీ షుగరంతా టెన్షన్ వల్లే, మందులు మానేయండి" అన్నవాళ్ల దగ్గర రెండో మాట వినకుండా లేచి వచ్చేయండి.

ఇన్సూరెన్సు సంగతి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శరీర జబ్బులకిచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలంటోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి, వారం వారం కూర్చుని మాట్లాడే ఫీజు ఓపీ కిందికి పోతుంది. మీ పాలసీలో ఓపీ ఉందో లేదో చూసుకున్నాకే లెక్కలు వేసుకోండి. ఉద్యోగం చేసేవాళ్లు ఆఫీసులో ఉచిత కౌన్సెలింగ్ ఏర్పాటేమైనా ఉందేమో కనుక్కోండి, కొన్ని కంపెనీల్లో ఉండి కూడా ఎవరూ వాడరు.

4. మొదటి ఫోన్లో అడగాల్సినవి

ఫీజు, సెషన్ ఎంతసేపు అన్నవి అందరూ అడుగుతారు. మనం ఇంకొన్ని అడగాలి:

- "దీర్ఘకాలం జబ్బుతో ఉన్నవాళ్లతో ఇదివరకు పనిచేశారా?"
- "లిఫ్టు ఉందా? నాలుగు మెట్లయినా సరే, ఎన్నున్నాయి?"
- "చేతులున్న కుర్చీ ఉంటుందా? మధ్యలో లేచి అటూఇటూ నడవొచ్చా?" మెత్తటి సోఫాలో కూరుకుపోతే నడుంనొప్పివాళ్లకి, మోకాళ్లవాళ్లకి లేవడం నరకం.
- "బాత్రూం దగ్గర్లోనే ఉందా?" పేగుల జబ్బువాళ్లకి, నీటి మాత్రలు వేసుకునేవాళ్లకి ఇదే మొదటి ప్రశ్న కావాలి.
- "ఆ పొద్దున నొప్పి ఎక్కువైతే అప్పటికప్పుడు వీడియోకి మార్చుకోవచ్చా? రద్దు చేస్తే ఫీజు కట్టాలా?"

చివరిది ఎంతమాత్రం మొహమాటపడకుండా అడగండి. 24 గంటల ముందు చెప్పకపోతే పూర్తి ఫీజు అనే నియమం చాలాచోట్ల ఉంది. నొప్పి 24 గంటల ముందు చెప్పి రాదు కదా.

5. టైము మీ ఒంటిని బట్టి పెట్టుకోండి

ఖాళీ ఉందన్నారని పొద్దున 9 గంటల స్లాటుకి ఒప్పుకోకండి. కీళ్లవాతంవాళ్లకి పొద్దున వేళ్లూ మోకాళ్లూ బిగుసుకుని ఉంటాయి, 11 దాటాక నయం. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున. ఆ రోజు సాయంత్రం ఒళ్లు పిండేసినట్టుంటుంది, కాబట్టి మధ్య రోజు తీసుకోండి. డయాలసిస్ కుర్చీలో ఉండగానే ఫోన్లో సెషన్ చేద్దామని కొందరంటారు. టైము కలిసొస్తుంది నిజమే, కానీ పక్క కుర్చీలో మనిషి, నర్సు, అటెండరు అందరూ వింటుంటే అసలు మాట నోట్లోంచి రాదు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. సెషన్‌కి ముందు షుగర్ చూసుకోండి, జేబులో గ్లూకోజ్ బిళ్లలో చక్కెరో ఉంచుకోండి. చెమటలు, వణుకు, గుండెదడ మొదలైతే అది భయమో లోషుగరో మాటల్లో తేలదు, గ్లూకోమీటరు తేలుస్తుంది. ఈ సంగతి ఎదుటివాళ్లకీ మొదటిరోజే చెప్పి పెట్టండి.

సెషన్ అయ్యాక ఆ పూట ఇంకే పెద్ద పనీ పెట్టుకోకండి. గంటసేపు మనసు విప్పి మాట్లాడటం కూడా ఒంటికి అలసటే.

6. మొదటి సెషన్: ఒక్క పేజీ తీసుకెళ్లండి

మంచి సైకాలజిస్టుకైనా మీ జబ్బు గురించి అన్నీ తెలిసి ఉండకపోవచ్చు. మొదటి గంటంతా వాళ్లకి పాఠం చెప్పడంతో అయిపోకుండా ఉండాలంటే ఈ పేజీ ఉండాలి. అయిదారు వాక్యాలు చాలు. నమూనా ఇది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"నాకు తొమ్మిదేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇది పూర్తిగా నయం కాదు, మందులతో అదుపులో ఉంటుంది. పొద్దున రెండు గంటలు చేతులు పనిచేయవు. ఎప్పుడు ఎగదన్నుతుందో తెలియదు, వస్తే వారం పది రోజులు మంచమే. మందులు ఆపే ఉద్దేశం లేదు. నొప్పి నిజమా కాదా అన్న చర్చ నాకు వద్దు. రాత్రిళ్లు భయంతో మేలుకుంటున్నాను, దాని మీద పనిచేయాలి."

ఆ "చర్చ వద్దు" అన్న వాక్యం పెట్టడానికి జంకకండి. దాన్ని చదివాక ఎదుటి మనిషి మొహం ఎలా పెట్టారన్నదే మీ మొదటి పరీక్ష.

మొదటిరోజు వాళ్లు కుటుంబం, చదువు, ఉద్యోగం, నిద్ర, తాగుడు, ఇదివరకటి వైద్యం అన్నీ అడుగుతారు. "ఇవన్నీ ఎందుకు, నాది కీళ్ల సమస్య" అనిపిస్తుంది. ఓపిక పట్టండి, అది మామూలు తంతే. చెప్పడానికి ఇష్టంలేనిది ఉంటే "ఇది తర్వాత చెబుతానండీ" అంటే సరిపోతుంది. మీరు చెప్పినవి గోప్యంగా ఉంచే బాధ్యత వాళ్లది. మీకు గానీ వేరొకరికి గానీ ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం అవసరమైనవాళ్లకు చెప్పొచ్చు. ఆ గీత ఎక్కడుందో మొదట్లోనే అడిగి తెలుసుకోండి.

ఏడుపొస్తే ఏడవండి. టిష్యూ డబ్బా అక్కడ పెట్టేది అందుకే.

7. ఇంటి దగ్గర చేయాల్సిన పని

అసలు ఫలితం ఇక్కడే. ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే పద్ధతిలో సెషన్లు మామూలుగా 6 నుంచి 20 దాకా ఉంటాయి, ప్రతిసారీ ఇంటికి కొంత పని ఇస్తారు. ఎక్కువగా వచ్చేది ఆలోచనల చిట్టా. రాసిన పేజీ ఎలా ఉంటుందో చూడండి:

జరిగింది: మంగళవారం, పొద్దున 7:30. మిక్సీ జారు మూత తిప్పలేకపోయాను. ఆయన వచ్చి తీశారు.
మనసులో మాట: ఈ ఇంట్లో నేనింక భారమే.
ఎంత నమ్మాను: నూటికి 90.
తర్వాత చేసింది: టిఫిన్ చేయకుండా వెళ్లి పడుకున్నాను. స్కూలుకి ఫోన్ చేసి సెలవు పెట్టాను.
ఇంకేముంది: 7:30కి నా వేళ్లు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. అదే మూత 11 గంటలకి నేనే తీశాను. భారం అన్న మాట ఎవరూ అనలేదు. ఆయన మూత తీసిచ్చి పేపరు చదువుకోడానికి వెళ్లిపోయారు, అంతే.
ఇప్పుడు: నూటికి 55.
రేపు: చట్నీ రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టడం. సెలవు పెట్టేముందు గోరువెచ్చని నీళ్లలో చేతులుంచి అరగంట చూడటం.

గమనించారా, 90 సున్నా అవలేదు. అవ్వాల్సిన పనీ లేదు. మూత తీయలేకపోవడం నిజం, దాన్ని కాదనలేదు. ఆ నిజానికి "భారం" అన్న తీర్పు తగిలించి రోజంతా పోగొట్టుకోవడం దగ్గరే పట్టుకున్నాం. ఎవరైనా "పాజిటివ్‌గా ఆలోచించండి, మీ చేతులు బావున్నాయనుకోండి" అంటే అది సీబీటీ కాదు, వాట్సాప్ గుడ్ మార్నింగ్ మెసేజ్.

భయం నిజమైనదైతే ఏం చేయాలి? ఉదాహరణకి "కిడ్నీలు ఇంకా పాడైతే?" అన్నది ఊహ కాదు, జరగగలిగేదే. దాంతో వాదించొద్దు. రెండు భాగాలు చేయండి: మీ చేతిలో ఉన్నవి, అంటే బీపీ, ఉప్పు, మందులు, తర్వాతి పరీక్ష తేదీ; మీ చేతిలో లేనివి. రెండోదాని మీద మనసు తిరుగుతుంటే దానితోపాటే రోజు ఎలా గడపాలో నేర్పే యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ అనే పద్ధతి ఉంది. దీర్ఘరోగాలకి అదే నప్పుతుందని నా అభిప్రాయం. మీ థెరపిస్టుకి వచ్చేమో అడగండి.

రెండో పని, పనిని విడతలుగా చేయడం. ఒళ్లు బాగున్న రోజున పండగొస్తోందని ఇల్లంతా బూజులు దులిపి, తర్వాత మూడు రోజులు మంచం పట్టడం మనందరికీ అలవాటే. దానికి విరుగుడు: నొప్పి మొదలయ్యేదాకా ఎంతసేపు నిలబడగలరో రెండు మూడు రోజులు చూడండి. 20 నిమిషాలైతే 15 దగ్గరే ఆపి కూర్చోండి. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఆపాలి. బాగున్న రోజున కూడా అంతే. కష్టమంతా బాగున్న రోజునే.

హెచ్చరికలు రెండు. కొంచెం శ్రమపడ్డా మర్నాడు కుప్పకూలిపోయే ఎంఈ/సీఎఫ్‌ఎస్ అనే జబ్బు ఉన్నవాళ్లు "రోజూ ఇంతింత పెంచుకుంటూ పోండి" అన్న ప్లానుకి ఒప్పుకోవద్దు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో అలాంటి వ్యాయామం వద్దంది, సీబీటీని ఆ జబ్బు నయం చేసే వైద్యంగా చూపొద్దనీ అంది. రెండోది, కండరాలు బిగించి వదిలే రిలాక్సేషన్ నేర్పినప్పుడు వాచిన వేళ్లతో పిడికిలి బిగించకండి, ఆ భాగం వదిలేసి మిగతాది చేయండి. శ్వాస మీద ధ్యాస పెడితే ఆయాసం గుర్తొచ్చి కంగారుపడే ఆస్తమావాళ్లు, బయటి శబ్దాల మీద ధ్యాస పెట్టే పద్ధతి అడగండి.

హోంవర్కు చేయలేకపోతే చేయలేదనే చెప్పండి. తలుపు బయట కూర్చుని గబగబా రాసుకెళ్లిన పేజీతో ఇద్దరికీ ఉపయోగం లేదు.

8. ఇంట్లో ఏం చెప్పాలి?

అందరికీ చెప్పక్కర్లేదు. అడిగినవాళ్లకి చిన్న జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

"ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లకి ఇంటి సంగతులు చెప్పుకోవడమేమిటమ్మా?" అని అత్తగారు అంటే: "నొప్పితో నిద్రపట్టట్లేదని డాక్టరుగారే రాశారు అత్తయ్యా. ఇంటి సంగతులు కాదు, నిద్ర సంగతి." అక్కడితో ఆపేయండి. వివరణ పెంచిన కొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి.

భర్తో భార్యో లోపలికి వస్తామంటే మొదటి రెండు సెషన్లకీ వద్దనండి. మూడో నాలుగోదాంట్లో చివరి పావుగంట పిలవడం బాగా పనిచేస్తుంది. "మీరు ప్రతిదీ లాక్కుని చేసేస్తుంటే నాకు చేతకానట్టుంటుంది, అడిగినప్పుడు చేయండి" అన్న మాట ఇంట్లో అంటే గొడవవుతుంది, అక్కడ అంటే వింటారు.

9. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

నాలుగో సెషన్ దగ్గర ఒకసారి, ఆరో సెషన్ దగ్గర ఒకసారి చూసుకోండి.

పీహెచ్‌క్యూ-9 అని డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు, తెలుగులోనూ ఉంది. గత రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 0 నుంచి 27. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాలంటారు, మొదటిసారి కంటే అయిదు తగ్గితే మార్పు ఉన్నట్టే. మనకి ఇందులో ఒక చిక్కుంది. నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలకి జబ్బు వల్లే మార్కులు పడిపోతాయి. కాబట్టి మొత్తంతోపాటు 1, 2, 6 ప్రశ్నలు విడిగా చూడండి: దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నేను పనికిరానివాణ్ని అనుకోవడం. అవి తగ్గుతుంటే నీరసం అలాగే ఉన్నా దారి సరైనదే. చనిపోవాలనిపించడం గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాకుండా ఏది పెట్టినా ఆ రోజే నోరు విప్పి చెప్పాలి.

దీంతోపాటు మీ సొంత లెక్క పెట్టుకోండి. కేలండరు మీద చాలు: మందు తప్పిన రోజులు, గడప దాటిన రోజులు, రాత్రి భయంతో లేచినవి. నొప్పి పదికి ఎంత అన్నది కొలతగా పెట్టుకోకండి, అది వాతావరణంతోనూ మందుతోనూ ఊగుతుంటుంది. ఇంకో కిటుకు: జబ్బు ఎగదన్నిన వారాన్ని అంతకుముందు ఎగదన్నిన వారంతోనే పోల్చండి. బాగున్న వారంతో పోలిస్తే ఎప్పుడూ "ఏం లాభం లేదు" అనే తేలుతుంది.

మొదటి రెండు మూడు సెషన్ల తర్వాత కొంచెం ఎక్కువ దిగులుగా ఉండటం కద్దు. మూతపెట్టినవి బయటికొస్తాయి. నిద్ర పూర్తిగా పోయినా, పనులు ఆగిపోయినా మాత్రం తర్వాతి సెషన్‌దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

జబ్బు ఎగదన్నిన వారం సెషన్ రద్దు చేయడం. అసలు అవసరం ఆ వారమే. అరగంట ఫోన్ అయినా సరే, పడుకునైనా సరే, మాట్లాడండి.

రెండు సెషన్లు బాగా జరిగాయని మందులు తగ్గించుకోవడం. మనసు తేలికపడటం వేరు, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్తపరీక్ష) తగ్గడం వేరు.

గంటంతా రిపోర్టులే చదివి వినిపించడం. మనకి అలవాటైపోయింది, ఏ డాక్టరు ముందు కూర్చున్నా ఫైలు తెరుస్తాం. ఇక్కడ ఫైలు మొదటిరోజుకే.

"ఆయన చాలా మంచివారు, బాగోలేదని ఎలా చెప్పను?" అని నెలలు లాగడం. "నాకిది ఉపయోగపడుతున్నట్టు లేదండీ, వేరేలా చేద్దామా?" అంటే నొచ్చుకునేవాళ్లు ఈ వృత్తిలో ఉండకూడదు.

కొత్త లక్షణం వస్తే మనసుదే అనుకోవడం. ఛాతీలో నొప్పి, ఒక్కసారిగా చూపు మసకబారడం, జ్వరం, కొత్త వాపు, ఇవి ముందు వైద్యుడికి. కౌన్సెలింగ్‌కి వెళుతున్నామని తెలిశాక ప్రతి నొప్పినీ "స్ట్రెస్" ఖాతాలో వేసే డాక్టర్లు తగులుతారు. "పరీక్ష చేసి ఆ మాట అనండి" అని మర్యాదగానే పట్టుబట్టండి.

ఆరు సెషన్లయ్యాక కూడా ఏం మారకపోతే

మనిషిని మార్చండి, తర్వాత పద్ధతిని మార్చండి, రెండూ అయ్యాకే మీకు సరిపడదన్న నిర్ణయానికి రండి. పీహెచ్‌క్యూ మార్కులు అలాగే ఎక్కువగా ఉంటే మందు కూడా కలపాలేమో సైకియాట్రిస్టుని అడగండి. అప్పుడు మందుల ఫొటోలన్నీ చూపించడం తప్పనిసరి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు నొప్పి బిళ్లలతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, కిడ్నీ సరిగా లేనివాళ్లకి కొన్నిటి మోతాదు తగ్గించాలి. ఒకరితో ఒకరు మాట్లాడటం పడనివాళ్లకి అదే జబ్బున్నవాళ్ల గుంపు నయంగా ఉంటుంది. అయితే అక్కడ మందుల సలహాలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలైతే చల్లగా బయటికి వచ్చేయండి.

మార్పు వచ్చినవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు. వారానికోసారి ఉన్నది రెండు వారాలకి, తర్వాత నెలకి జరపండి. చివరి సెషన్‌లో ఒక కాగితం రాయించుకోండి: జారిపోతున్నానని చెప్పే మొదటి గుర్తులు ఏవి, అప్పుడు ఇంట్లో ఏం చేయాలి, ఎన్ని రోజులు చూసి ఫోన్ చేయాలి. దాన్ని మందుల డబ్బా మూత లోపలివైపు అంటించండి. కొత్త మందు మొదలైనా, ఆపరేషన్ అన్నా, రిపోర్టు తేడాగా వచ్చినా ఆ గుర్తులేవీ రాకముందే ఒకటి రెండు సెషన్లు బుక్ చేసుకోవచ్చు. పాత ఫైలు ఉంటుంది కాబట్టి మళ్లీ మొదటినుంచీ చెప్పక్కర్లేదు.